కెన్సింగ్టన్ ప్యాలెస్‌లో ఫ్యాషన్ ఎగ్జిబిషన్: అమ్మని తీసుకెళ్ళొచ్చా?

చీరాల_పిల్ల
12 జూన్ 2023, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మేం రెడింగ్‌లో ఉంటాం. అమ్మ చీరాల నుంచి వచ్చింది, ఆగస్టు దాకా ఉంటుంది. లండన్ ఐ, టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ గేటు ముందు ఫోటో అన్నీ అయ్యాయి. దేనికీ పెద్దగా కదల్లేదు. "గేటు బయట నిలబడి చూసి రావడానికా ఇంత దూరం తీసుకొచ్చావు" అంది.

ఊళ్ళో అమ్మకి బ్లౌజులు కుట్టే షాపు ఉంది. మగ్గం వర్క్ ఆర్డర్లు కూడా తీసుకుంటుంది. ఎక్కడికి వెళ్ళినా ఎదుటివాళ్ళ బట్టల మీదే చూపు. మొన్న ట్రైన్‌లో ఒకావిడ కోటు భుజం దగ్గర కుట్టుని కన్నార్పకుండా చూస్తుంటే, ఆవిడ ఏమనుకుంటుందోనని నాకు టెన్షన్.

అందుకే కెన్సింగ్టన్ ప్యాలెస్‌లో నడుస్తున్న 'క్రౌన్ టు కుట్యూర్' గురించి అడుగుతున్నాను. పద్దెనిమిదో శతాబ్దపు దర్బారు దుస్తులు, ఇప్పటి రెడ్ కార్పెట్ గౌన్లు పక్కపక్కన పెట్టారట. అక్టోబర్ 29 దాకా ఉంది. టికెట్ మనిషికి పాతిక పౌండ్ల దాకా పడుతోంది. అంత పెట్టి తీరా వెళ్ళాక ఎక్కడో అద్దాల వెనక దూరంగా చూడాల్సి వస్తే అమ్మ నన్ను వదలదు. పైగా మోకాళ్ళ నొప్పులు, ఇంగ్లీషు రాదు. ఎవరైనా చూసొచ్చారా?


స్లౌ_శీను
12 జూన్, రాత్రి 10:05

మా ఆవిడ, మరదలు వెళ్ళారు. నేను బయట పార్కులో బెంచీ మీద పడుకున్నాను. ఇద్దరూ నవ్వుతూ బయటికొచ్చారు. పార్కు కూడా బాగుంది. ఇంతకంటే రివ్యూ ఇవ్వలేను.


థేమ్స్_గట్టు
12 జూన్, రాత్రి 10:48

తీసుకెళ్ళండి. నేను ఏప్రిల్‌లోనే చూశాను, మొదలైన కొత్తలో. ఆ ప్యాలెస్‌లో ఇప్పటిదాకా పెట్టినవాటిలో ఇదే పెద్దదట. రెండు వందలకు పైగా వస్తువులు. ఒక హాల్లో పోగేసి పెట్టలేదు, రాజుగారి గదులన్నింటిలో సర్దారు. కాబట్టి అదే టికెట్‌తో ప్యాలెస్ కూడా చూసేస్తారు. ఆన్‌లైన్‌లో టైమ్ స్లాట్ బుక్ చేసుకుని వెళ్ళండి, వారంలో ఏ రోజులు మూసి ఉంటుందో బుక్ చేసేటప్పుడే చూసుకోండి. టవర్ ఆఫ్ లండన్, హాంప్టన్ కోర్ట్ కూడా ఈ ఏడాదిలో చూసే ఆలోచన ఉంటే మెంబర్‌షిప్ లెక్క వేసుకోండి. మూడూ ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి.

మోకాళ్ళకి భయం లేదు, లిఫ్ట్ ఉంది. కానీ ఆ లిఫ్ట్ ఎక్కేముందు ఒక్కసారి కింద నిలబడి కింగ్స్ స్టెయిర్‌కేస్‌ని చూపించండి. గోడల నిండా విలియం కెంట్ అనే చిత్రకారుడి బొమ్మలు. మొదటి జార్జి దర్బారులో తిరిగిన మనుషులనే గీశాడు. దొరలు, దొరసానులే కాదు, రాజుగారి టర్కీ నౌకర్లు ముహమ్మద్, ముస్తఫా కూడా ఉన్నారు, కాపలా సిపాయిలు ఉన్నారు. అందరూ కటకటాల మీదికి వంగి, ఎవరొస్తున్నారా, ఏం కట్టుకొచ్చారా అని కిందికి చూస్తుంటారు. ఈ ఎగ్జిబిషన్ మొత్తానికి అంతకంటే మంచి వాకిలి లేదు.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. లోపల వెలుతురు చాలా తక్కువ. పాత బట్టలకి వెలుతురు తగిలితే రంగు వెలుస్తుంది, దారం పెళుసెక్కుతుంది. అందుకని మ్యూజియంవాళ్ళు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దగ్గర ఆపేస్తారు. మన హాల్లో ట్యూబ్‌లైట్ వెలుగులో అది చాలా చిన్న భాగం. అమ్మగారికి దగ్గరి చూపు కళ్ళజోడు ఉంటే మర్చిపోకండి. ఫ్లాష్ వేయకూడదు.


లెస్టర్_లక్ష్మి
12 జూన్, రాత్రి 11:15

ఇంగ్లీషు గురించి బెంగ వద్దమ్మా. బట్టలు చూడ్డానికి భాష ఎందుకు? మా అత్తగారిని 2017లో డయానా గౌన్ల ఎగ్జిబిషన్‌కి అక్కడికే తీసుకెళ్ళాను. ఆవిడకి తెలుగు తప్ప ఏదీ రాదు. డయానా అంటే మాత్రం మన పేపర్లలో చూసి చూసి బాగా తెలుసు. వైట్‌హౌస్‌లో హాలీవుడ్ నటుడు జాన్ ట్రవోల్టాతో డాన్స్ చేసినప్పుడు వేసుకున్న ముదురు నీలం వెల్వెట్ గౌను దగ్గర చాలాసేపు ఉండిపోయింది. 1985 నాటిది అది. తర్వాత 2019లో దాన్ని 2,20,000 పౌండ్లు పెట్టి ఈ ప్యాలెస్‌ల సంస్థే కొనుక్కుందని చెబితే, "పెట్టుబడి బానే పెట్టారు, మనలాంటి వాళ్ళందరం టికెట్లు కొని తీరుస్తాంలే" అంది.

టికెట్ కొనకపోయినా డయానా విగ్రహం చూడొచ్చు. 2021లో పెట్టారు. ప్యాలెస్ పక్కనే సంకెన్ గార్డెన్‌లో ఉంది. పులిహోర కట్టుకెళ్ళి గార్డెన్స్‌లో గడ్డి మీద కూర్చోండి. అక్కడి మధ్యాహ్నం టీ జోలికి మాత్రం వెళ్ళకండి.


గోంగూర_గుంటూరు
13 జూన్, ఉదయం 7:20

పొద్దున్నే వాదన పెట్టుకోవాలని కాదుగానీ, అడగక తప్పదు. పాతిక పౌండ్లు పెట్టి వీళ్ళ రాజుల పాత బట్టలు చూడ్డం మనకెందుకు? మా జిల్లా కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూర్ వీళ్ళ టవర్‌లోనే ఉంది. 1937లో రాణిగారి కిరీటంలో పొదిగారు. దాన్ని చూడ్డానికీ మనమే టికెట్ కొనాలి. ఇప్పుడేమో సిల్కు గౌన్లు. ఆ వెండి, ఆ సిల్కు, వీటన్నింటికీ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ బోర్డుల మీద రాశారా?

మా నాన్నమ్మ కట్టిన జరీ చీరే నాకు మ్యూజియం. ఫ్రీ కూడా.


స్లౌ_శీను
13 జూన్, ఉదయం 7:41

అన్నా, ఆ పాతిక పౌండ్లు మీ దగ్గర అడగలేదు కదా ఆవిడ.


కలంకారి
13 జూన్, మధ్యాహ్నం 1:10

గుంటూరు గారి ప్రశ్న మంచిదే. కానీ దానికి జవాబు ఆ బట్టల్లోనే ఉంది. అందుకే వెళ్ళి చూడమంటాను. నేను బట్టల మీద చదువుకున్నాను, కొంచెం పెద్ద పోస్టు అవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఈ ఎగ్జిబిషన్‌లో ఏం చూడాలో చెబుతాను. జార్జి పేరున్న రాజుల కాలంలో దర్బారుకి వెళ్ళే ఆడవాళ్ళు మాంటువా అనే గౌను వేసుకునేవాళ్ళు. ముందు నుంచి చూస్తే అడ్డంగా మంచం కట్టుకున్నట్టు ఉంటుంది, పక్క నుంచి చూస్తే పలచగా ఉంటుంది. నడుముకి రెండు వైపులా లోపల చట్రం కట్టి గుడ్డని అటూ ఇటూ పరిచేవారు. ఎందుకంటే ముందు వైపు ఎంబ్రాయిడరీ ముడతలు పడకుండా మొత్తం కనపడాలి. తలుపుల్లోంచి పక్కకి తిరిగి నడవాలి. కుర్చీలో కూర్చోవడం కష్టం. ఎలాగూ రాజుగారి ముందు కూర్చోనివ్వరు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

తమాషా ఏమిటంటే, బయట ఫ్యాషన్ మారిపోయి చాలా ఏళ్ళు గడిచినా దర్బారులో మాత్రం ఆ చట్రం పోలేదు. తర్వాతి కాలంలో నడుము రవిక కిందికి ఎక్కేసింది, అయినా దర్బారుకి వచ్చేవాళ్ళు ఆ పైకెక్కిన నడుము నుంచే చట్రం కట్టుకుని రావాల్సి వచ్చింది. ఆ బొమ్మలు చూస్తే నవ్వు ఆగదు. చివరికి 1820లో నాలుగో జార్జి గద్దెనెక్కాక ఆ నిబంధన తీసేశాడు.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో రాజుగారి డ్రాయింగ్ రూమ్‌కి, అంటే దర్బారు సభకి, వెళ్ళడానికి బట్టలు సరిగ్గా ఉంటే చాలావరకు లోపలికి రానిచ్చేవారు. మగవాళ్ళకైతే నడుముకి కత్తి ఉండాలి. అంటే బట్టే గేట్ పాస్. డబ్బు చేసిన ఒక వ్యాపారి భార్య ఎంతో ఖర్చు పెట్టి గౌను కుట్టించుకుంటే రాణిగారి కంట పడే అవకాశం ఉండేది. రెడ్ కార్పెట్‌తో పోలిక పెట్టింది ఇందుకే. బలవంతపు పోలికేమీ కాదు.

అక్కడ రాకింగ్‌హామ్ మాంటువా అని ఒకటి ఉంటుంది. రెండుసార్లు ప్రధానమంత్రి చేసిన మార్క్విస్ ఆఫ్ రాకింగ్‌హామ్ భార్య మేరీ వేసుకున్నదంటారు, 1760ల నాటిది. ఇంకోటి సిల్వర్ టిష్యూ గౌను, దానికంటే వందేళ్ళు పాతది, 1660లది. బాత్ ఫ్యాషన్ మ్యూజియం నుంచి అరువు తెచ్చారు. ఈ రెండూ వదలకండి. అమ్మగారికి ఆ టిష్యూ గురించి మీరేమీ వివరించక్కర్లేదు. పట్టుదారం మీద వెండి రేకు చుట్టి ఆ దారంతో నేయడం. మన టిష్యూ చీరల పని అదే.

ఇలాంటివి ఎందుకు ఇంత తక్కువ మిగిలాయో తెలుసా? కరిగించేశారు. మన ఊళ్ళలో "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధుల్లో తిరిగేవాళ్ళు ఉన్నారు కదా, చీర కాల్చి జరీలో వెండి తీసుకుంటారు. యూరప్‌లోనూ అచ్చంగా అదే జరిగింది. పద్దెనిమిదో శతాబ్దంలో దొరసానులు పాత బట్టల్లోంచి బంగారు, వెండి దారాలు ఊడదీసి అమ్ముకోవడం ఒక కాలక్షేపంగా కూడా మారింది. విందులకు వెళ్ళినప్పుడు చిన్న సంచీ, కత్తెర పట్టుకుని వెళ్ళి మరీ చేసేవాళ్ళు. ఆ కత్తెరలనూ ఆ మూసలనూ తప్పించుకుని వచ్చింది ఈ గౌను అని గుర్తుపెట్టుకుని చూడండి.

ఇక గుంటూరు గారూ, మీ ప్రశ్న. దర్బారులో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ పేటలో నేసిన సిల్కు మెరుస్తుంటే, వీధిలోనూ ఇంట్లోనూ అందరికీ మోజు మన బట్ట మీద ఉండేది. కోరమండల్ తీరం నుంచి, మచిలీపట్నం నుంచి వచ్చిన అద్దకం నూలు గుడ్డ. కృష్ణా డెల్టా వైపు దొరికే చిరివేరుతో వేసిన ఎరుపు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. ఇక్కడి నేతగాళ్ళు ఆ దెబ్బకి తట్టుకోలేకపోయారు. 1719లో లండన్ వీధుల్లో మన గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళ మీద పడి బట్టలు చింపేశారు, మీద యాసిడ్ కూడా చల్లారు. చివరికి పార్లమెంటు 1721లో చట్టం చేసి ఆ గుడ్డ కట్టుకోవడాన్నే నిషేధించింది. 1774 దాకా ఆ నిషేధం ఉంది. రాజుగారి సభలో పట్టు గౌన్లు అంత ధగధగా మెరిసిన ఆ యాభై ఏళ్ళలో, బయట చీరాల, మచిలీపట్నం వైపు నుంచి వచ్చిన గుడ్డ కట్టుకుంటే జరిమానా. మీరు అడిగిన బోర్డు ఇదే. దాన్ని బుర్రలో పెట్టుకుని లోపలికి వెళ్తే అక్కడ రాసినా రాయకపోయినా ఒకటే.


గోంగూర_గుంటూరు
13 జూన్, మధ్యాహ్నం 1:52

ఇది నాకు తెలియదండీ. యాసిడ్ సంగతి అసలు తెలియదు. అయినా నా మాట నేను వెనక్కి తీసుకోను. కోహినూర్ మీద నా కోపం నాకుంది. కానీ ఈ అద్దకం గుడ్డలు ఎక్కడ చూడొచ్చు?


కలంకారి
13 జూన్, మధ్యాహ్నం 2:20

వీ అండ్ ఏ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్) మ్యూజియం. అదే కెన్సింగ్టన్‌లో, ప్యాలెస్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. టికెట్ లేదు, మీకు నచ్చుతుంది :) కోరమండల్ అద్దకాల్లో మంచివి చాలా వాళ్ళ దగ్గర ఉన్నాయి. కాకపోతే గుడ్డని ఎప్పుడూ వేలాడదీసి ఉంచరు, మార్చి మార్చి పెడతారు, కాబట్టి అనుకున్నది అనుకున్న రోజు కనపడకపోవచ్చు.

అక్కడి బ్రిటిష్ గ్యాలరీల్లో ఒక ఎర్రటి మాంటువా ఉంది. 1740-45 మధ్యది. దాని మీద వెండి దారమే దాదాపు పది పౌన్ల బరువు, అంటే నాలుగున్నర కిలోలు. దాని పొడవాటి వెనక కుచ్చు మీద రాసి ఉన్న ఒక చిన్న వాక్యంలో లెకాంత్ అనే ఆవిడ పేరు, మాగ్డలిన్ జైల్స్ అనే ఆవిడ పేరు ఉంటాయి. ఎంబ్రాయిడరీ పని చేయించిన, చేసిన ఆడవాళ్ళు. తొడుక్కున్నది ఎవరో ఖాయంగా తెలియకపోయినా పనివాళ్ళ పేర్లు మిగిలాయి. అలా మిగలడం చాలా అరుదు.


పాతబస్తీ
13 జూన్, సాయంత్రం 6:33

లండన్ ముచ్చట్లు బాగున్నాయి గానీ, హైదరాబాద్‌లో ఉండేవాళ్ళ కోసం ఒక మాట. రాజుల బట్టలు చూడాలంటే పాస్‌పోర్ట్ అక్కర్లేదు. పురానీ హవేలీకి వెళ్ళండి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వార్డ్‌రోబ్ అక్కడ ఉంది. వార్డ్‌రోబ్ అంటే బీరువా అనుకోకండి, రెండంతస్తుల పొడవాటి హాలు. 176 అడుగులు అని చెబుతారు. అటూ ఇటూ బర్మా టేకు అరలు, పైకి వెళ్ళడానికి చేత్తో తిప్పే లిఫ్ట్. ఒకసారి వేసుకున్న బట్ట మళ్ళీ వేసుకోడని ఆయన మీద కథ. కథే అయినా ఆ అరలు చూస్తే నమ్మాలనిపిస్తుంది. మా నాన్నగారు నన్ను తీసుకెళ్ళినప్పుడు ఆ అరల ముందు నిలబడి, "ఇన్ని బట్టల్లో ఆయనకి నచ్చిన జత ఎక్కడుందో ఎట్ల దొరికేదో" అన్నారు.

చౌమహల్లాలో కూడా నిజాం కుటుంబం బట్టలు పెట్టారు. షేర్వానీలు, ఖడా దుపట్టాలు. శుక్రవారం సెలవు. అక్కడ నాకు నచ్చనిది ఒక్కటే: కొన్నింటికి ఏ కాలందో, ఎవరు కుట్టారో సరిగ్గా రాయరు. పేరు రాస్తే వేసుకున్న బేగం పేరు రాస్తారు. కలంకారి గారు చెప్పిన వెండి గౌను వెనక పేర్లు చదివాక ఇది ఇంకా గుచ్చుకుంటోంది. పాతబస్తీలో కార్చోబ్ (చట్రానికి బిగించి చేసే జరీ ఎంబ్రాయిడరీ) పని చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళ ముత్తాతల పేర్లు ఏ అద్దాల పెట్టెలోనూ లేవు.


ముగ్గురు_పిల్లల_తల్లి
13 జూన్, రాత్రి 8:02

పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా? చిన్నవాడికి రెండేళ్ళు. ముట్టుకోకుండా ఉండడు.


థేమ్స్_గట్టు
13 జూన్, రాత్రి 8:30

తీసుకెళ్ళొచ్చు, కానీ ఆ చీకటి గదుల్లో రెండేళ్ళవాడితో మీరు బట్టలు చూడరు, వాణ్ణి చూస్తారు. ప్యాలెస్ దగ్గర్లోనే డయానా పేరు మీద పెద్ద ఆటస్థలం ఉంది, ఓడ బొమ్మ ఉంటుంది. శీనుగారిలా ఒకరు పిల్లలతో బయట ఉండి, తర్వాత మారండి.


స్లౌ_శీను
13 జూన్, రాత్రి 8:34

బెంచీ అడ్రస్ కావాలంటే ప్రైవేట్ మెసేజ్ పెట్టండి.


నిర్వాహకుడు
13 జూన్, రాత్రి 9:00

కోహినూర్ మీద ఇంకో నాలుగు పోస్టులు వచ్చాయి. వాటిని 'చరిత్ర' విభాగంలోకి మార్చాను. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ ఎగ్జిబిషన్ గురించే మాట్లాడుకుందాం.


చీరాల_పిల్ల
2 జూలై, రాత్రి 10:20

వెళ్ళొచ్చామండీ. అందరికీ చాలా థాంక్స్. వివరంగా రాస్తానని కలంకారి గారికి మాటిచ్చాను.

మెట్ల దగ్గర థేమ్స్ గారు చెప్పినట్టే ఆగాం. అమ్మ పైకి చూసి, "వీళ్ళంతా మనల్ని చూస్తున్నారు, చీర బాగా సర్దుకో" అంది. (నేను జీన్స్‌లో ఉన్నాను.) అమ్మ మంగళగిరి చీర కట్టుకొచ్చింది. ఒక గదిలో అక్కడ పనిచేసే ఆవిడ వచ్చి అంచు చూసి బాగుందని చెప్పింది. అమ్మకి ఆ మాట అర్థమైంది.

రెడ్ కార్పెట్ బట్టల దగ్గర అమ్మ త్వరత్వరగా నడిచింది. హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ 1954లో ఆస్కార్ తీసుకున్నప్పటి తెల్ల గౌను దగ్గర మాత్రం ఆగింది. నడుము ఎంత సన్నమో, ఆ నడుము దగ్గర కటింగ్ ఎంత శుభ్రంగా ఉందో రెండూ చూసింది. బిల్లీ పోర్టర్ అనే నటుడు 2019లో న్యూయార్క్‌లో జరిగే ఫ్యాషన్ వేడుక మెట్ గాలాకి వేసుకొచ్చిన బంగారు రెక్కల డ్రెస్ చూసి, "ఇంత బరువు వేసుకుని ఎలా నడిచాడు?" అని అడిగింది. ఆరుగురు మోసుకొచ్చారని చెప్పాను. "అలా చెప్పు, పల్లకీ ఎక్కాడన్నమాట" అని ముందుకు వెళ్ళిపోయింది.

లిజ్జో అనే గాయని నల్ల గౌను మీద వేసుకున్న బంగారు ఎంబ్రాయిడరీ కోటు దగ్గర నాకు పని పడింది. థామ్ బ్రౌన్ డిజైన్. 22 వేల గంటల పని అని వార్తల్లో చదివాను, అదే చెప్పాను. అమ్మ అక్కడే లెక్క మొదలుపెట్టింది. రోజుకి ఎనిమిది గంటలు, పది మంది కూర్చుంటే ఎన్ని రోజులు అని. తొమ్మిది నెలలకి పైనే వస్తోంది, ఆదివారాలు తీయకుండానే. "గంటకి ఎంత ఇచ్చారో రాశారా?" అంది. రాయలేదు. గుంటూరు గారూ, మీరూ మా అమ్మా కలిస్తే ప్యాలెస్‌వాళ్ళకి కష్టమే.

అసలు సమయమంతా మాంటువాల దగ్గర గడిచింది. వెండి నల్లబడిన చోట్లు, నల్లబడని చోట్లు వేలితో గాలిలో చూపించింది. మడత లోపల ఉన్నదానికీ గాలి తగిలినదానికీ ఆ తేడా ఉంటుందట. మా బీరువాలో అమ్మ పెళ్ళి చీర కొంగు కూడా అలాగే ఉంటుంది.

ఒక గౌను పక్క నుంచి కనిపించే కుట్టు చూసి నన్ను పిలిచింది. మీద అంత సన్నని వెండి పని ఉంది, కానీ గుడ్డకీ గుడ్డకీ కలిపిన కుట్టు చూస్తే దూరం దూరంగా, పెద్ద పెద్ద పోగులు. నేను చవక పని అనుకున్నాను. అమ్మ కాదంది. "గుడ్డ అంత ఖరీదైనప్పుడు దర్జీ గట్టిగా కుట్టడు. రేపు విప్పి ఇంకోలా కుట్టాలి కదా. గుడ్డ కూడా ఎక్కువ కోయలేదు చూడు, మడతలు పెట్టి నెట్టుకొచ్చాడు" అంది. తన షాపులో బ్లౌజుకి లోపల మార్జిన్ ఎంత వదలాలో కొత్తగా చేరినవాళ్ళకి చెప్పే పాఠం నాకు అక్కడ పెట్టింది. కలంకారి గారూ, ఇది నిజమేనా?

చిన్న కంప్లైంట్లు: వెలుతురు నిజంగానే తక్కువ, కొన్ని చోట్ల వివరాల బోర్డులు వంగి చదవాలి. సంగీతం కొన్ని గదుల్లో అనవసరం. వెనక వైపు చూడనిచ్చే గౌన్లు తక్కువ. అమ్మ ఫిర్యాదు అదొక్కటే: "మగ్గం పని తెలియాలంటే వెనక్కి తిప్పి చూడాలి. వీళ్ళు ముందు వైపే చూపిస్తున్నారు."


కలంకారి
2 జూలై, రాత్రి 11:05

అమ్మగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ కాలంలో గుడ్డ ఖరీదు ముందు కుట్టు కూలి ఎంతో తక్కువ. అందుకే గుడ్డని వీలైనంత కోయకుండా వెడల్పు వెడల్పుగానే వాడి, విప్పడానికి వీలుగా పెద్ద కుట్లు వేసేవారు. తల్లి గౌను విప్పి కూతురికి కుట్టడం, ఫ్యాషన్ మారితే గౌను చేతుల తీరు మార్చడం మామూలే. మ్యూజియంలలో ఉన్న చాలా గౌన్ల మీద పాత కుట్ల రంధ్రాలు కనపడతాయి. వాటిని లెక్కపెట్టే ఆ గౌను ఎన్నిసార్లు మారిందో చెబుతారు. మాకు క్లాసులో చాలా రోజులు పట్టిన విషయం ఆవిడ నిలబడి చూసి చెప్పారు.

గంటకి ఎంత ఇచ్చారన్న ప్రశ్న కూడా అడగాల్సిందే. ఈ మార్చి 30న ఫ్రెంచి ఫ్యాషన్ సంస్థ డియోర్ వాళ్ళు ముంబై గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర షో పెట్టారు కదా, వాళ్ళ ఎంబ్రాయిడరీ చేసే ముంబై వర్క్‌షాప్ చాణక్య పేరు ముందుకు వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా ప్యారిస్, మిలాన్ బట్టల మీద మన చేతి పని వెళ్తూనే ఉంది, పేరు పైకి రావడమే ఇప్పుడిప్పుడు మొదలైంది.


పాతబస్తీ
3 జూలై, ఉదయం 8:15

అమ్మగారు హైదరాబాద్ మీదుగా వెళ్తే చెప్పండి. చౌమహల్లా నేను చూపిస్తాను. ఆ బట్టల మీద ఏ పని ఏమిటో ఆవిడే మాకు చెప్పాలి.


లెస్టర్_లక్ష్మి
3 జూలై, ఉదయం 9:02

పులిహోర తిన్నారా లేదా?


చీరాల_పిల్ల
3 జూలై, సాయంత్రం 7:44

తిన్నాం అక్కా, విగ్రహం దగ్గర కాదు, చెరువు గట్టున. హంసలు వచ్చి మీద పడబోయాయి.

పాతబస్తీ గారూ, అమ్మకి చెప్పాను, సంతోషించింది. ఎయిర్‌పోర్ట్ నుంచి ఒక రోజు ఆగే వీలుందేమో టికెట్లు చూస్తున్నాం.

ఈలోగా ఆ పేర్లున్న ఎర్ర గౌను చూడాలని పట్టుబట్టింది. వీ అండ్ ఏకి ఆఫీసు అయ్యాక వెళ్తే టైమ్ సరిపోతుందా?


కలంకారి
3 జూలై, రాత్రి 8:10

శుక్రవారం వెళ్ళండి, ఆ ఒక్కరోజు రాత్రి పది దాకా ఉంటుంది. సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్‌లో దిగితే సొరంగం దారిలో నేరుగా రావచ్చు, వాన పడినా ఇబ్బంది లేదు, కాకపోతే మెట్లున్నాయి. ముందు బ్రిటిష్ గ్యాలరీలు చూసేయండి, తర్వాత ఓపిక ఉంటే సౌత్ ఏషియా గది. వెనక్కి తిప్పి చూపించే గౌన్లు అక్కడా తక్కువే అని ముందే చెప్పి తీసుకెళ్ళండి.